చంద్రతాల్ పక్కనా, జిస్పా ఏటి ఒడ్డునా: టెంట్ ఎక్కడ వేద్దాం?

హిమాచల్‌లో మనాలి దాటి లాహౌల్ లోయ వైపు వెళ్లేవాళ్లకు ఈ రెండూ ఊరిస్తాయి. చంద్రతాల్ దాదాపు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు. జిస్పా భాగా నది ఒడ్డున, సుమారు 3,200 మీటర్ల దగ్గర ఉన్న పల్లె.

దారి విషయంలో పోలికే లేదు. 2020లో రోహ్తాంగ్ కనుమ కింద అటల్ టన్నెల్ (సొరంగం) తెరిచాక జిస్పాకి మామూలు కారులో హాయిగా వెళ్లొచ్చు. చంద్రతాల్‌కి మాత్రం గ్రంఫూ అనే చోటు దాటాక బాతల్ మీదుగా రాళ్ల బాట. పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి, దారికి అడ్డంగా పారే వాగులు పొంగుతాయి. అందుకే తెల్లారగానే బయల్దేరాలి.

చంద్రతాల్ రామ్‌సర్ (చిత్తడి నేలల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) గుర్తింపు ఉన్న చిత్తడి నేల. గట్టు మీద టెంట్లు వేయనివ్వరు, క్యాంపులు కొన్ని కిలోమీటర్ల అవతలే. ఆ నిబంధన ఉండి తీరాల్సిందే. అంత స్వచ్ఛమైన నీటి పక్కన మన ప్లాస్టిక్ ఎందుకు? జిస్పాలో నది పక్కనే పడుకోవచ్చు. కానీ గులకరాళ్లలో మేకులు దిగవు, తాళ్లను పెద్ద రాళ్లకు కట్టుకోవాలి. సాయంత్రానికి నీటిమట్టం పెరుగుతుంది కాబట్టి ఒడ్డుకి బాగా దూరంగా, ఎత్తైన చోట వేయండి.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నా ఓటు జిస్పాకే. చంద్రతాల్ చూడాలన్న కోరిక బలంగా ఉంటే, మనాలి నుంచి ఒక్కరోజులో ఎక్కేయకండి. ఆ ఎత్తు పడక తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. ముందు జిస్పాలో రెండు రాత్రులు ఉండి, ఒళ్లు అలవాటుపడ్డాక వెళ్లండి.