దీవి ఒకటి, మునిసిపాలిటీలు ఏడు: కార్లకు పగ్గం ఎక్కడ వేయాలి?

ఇటలీ పడమటి తీరానికి దగ్గర్లో, టస్కనీ ప్రాంతంలో ఉన్న ఎల్బా దీవి వైశాల్యం 224 చదరపు కిలోమీటర్లు. అంత జాగాలోనే ఏడు మునిసిపాలిటీలు. 2018కి ముందైతే ఎనిమిది, అందులో రెండు కలిసిపోయి రియో అయ్యాయి. మొత్తం దీవిని ఒకే మునిసిపాలిటీ చేద్దామా అని 2013లో జనాన్ని ఓటు అడిగితే వద్దన్నారు. అంచేత వేసవిలో ఓడల్లోంచి దిగే పర్యాటకుల కార్ల రద్దీని తగ్గించాలన్నా ఏడుగురు మేయర్లూ ఒప్పుకోవాల్సిందే.

ఎవరి ఊళ్లో వాళ్లు పార్కింగ్ రుసుం పెంచుకుంటే పోదా అనిపిస్తుంది. పోదు. ఒక బీచ్ దగ్గర రుసుం పెంచితే కార్లు పక్క ఊరి బీచ్‌కి వెళ్లి రోడ్డు వారన బారులు తీరతాయి. పైగా పార్కింగ్ డబ్బు ఊరి ఖజానాకే చేరుతుంది. కార్లు తగ్గితే తన రాబడే తగ్గుతుందని తెలిసి ఏ మేయరు మనస్ఫూర్తిగా తగ్గిస్తాడు? కాబట్టి దాన్ని పక్కన పెట్టేస్తున్నా. ఇక మిగిలేవి మూడు: దీవిలోకి వచ్చే చోట సుంకం, వాహనాలకు కోటా, అన్ని ఊళ్లకూ కలిపి ఒకే బస్సు వ్యవస్థ.

సుంకానికి మంచి ఉదాహరణ ఫ్రాన్స్‌లోని ఇల్ ద రే. పది కమ్యూన్ల (అక్కడి మునిసిపాలిటీల) దీవి అది. 1988లో వంతెన వచ్చింది. కారు లోపలికి వెళ్లేటప్పుడు వేసవిలో 16 యూరోలు, మిగతా కాలంలో 8 కట్టాలి. నడిచి వచ్చినా సైకిల్ మీద వచ్చినా ఏమీ కట్టక్కర్లేదు. వంతెన ఖర్చు రాబట్టుకోవడానికి పెట్టిన టోల్ 2012 నుంచి పర్యావరణ పన్నుగా మారింది. ప్రకృతి రక్షణకూ, కాలుష్యం లేని ప్రజా రవాణాకూ ఆ డబ్బు వాడాలి. నాకు ఇందులో బాగా నచ్చింది వసూలు చేసేవాళ్లెవరన్నది. పది కమ్యూన్లలో ఏదీ కాదు, వాటి పైనున్న డిపార్ట్‌మెంట్, అంటే మన జిల్లా లాంటిది. పర్యాటకుడి తిట్లు ఏ ఊరి మేయరుకూ తగలవు.

కాకపోతే వారం అద్దెకే వెయ్యి యూరోలు పోసేవాడికి ఈ పదహారు లెక్కలోకి రావు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు మాత్రం ఆలోచిస్తారు. అందుకే సుంకం కార్లను ఆపుతుందని నేను పెద్దగా ఆశపెట్టుకోను, డబ్బు తెస్తుందంటే నమ్ముతాను. రే దీవి సైకిల్ దారులను చూసి ముచ్చటపడి ఎల్బాలో అలాగే వేద్దామంటే మాత్రం కుదరదు. రే నేల బల్లపరుపుగా ఉంటుంది. ఎల్బాలో కపన్నె కొండ ఎత్తు 1,019 మీటర్లు. బ్యాటరీ సైకిలైతే సరే, మామూలు సైకిల్‌తో పిల్లల్ని ఎక్కించుకుని ఆ ఎత్తులెక్కమంటే ఎవరూ ఎక్కరు.

కోటాకి స్పెయిన్ వైపు చూడాలి. ఫోర్మెంతేరా దీవిలో 2019 నుంచి, ఇబిజా దీవిలో 2025 నుంచి వేసవి వాహనాలకు పరిమితి ఉంది. ఇబిజా లెక్క సుమారు 20 వేలు, అందులో 16 వేలు అద్దె కార్లవే. ఇబిజాలోనూ ఐదు మునిసిపాలిటీలున్నాయి, అయినా పని జరిగింది. ఎందుకంటే వాటి పైన దీవి మొత్తానికీ ఒక మండలి ఉంది, ఆ మండలికి వెన్నుదన్నుగా చట్టం ఉంది. ఎల్బాకు అలాంటి మండలి లేదు. దాని ప్రావిన్స్ కేంద్రం లివోర్నో సముద్రానికి అవతల ఉంది. ఇటలీ రహదారి చట్టంలో చిన్న దీవుల్లోకి బయటివాళ్ల వాహనాలను సీజన్‌లో ఆపే వీలుంది. కానీ ఊళ్ల బయటి రోడ్లు 50 కిలోమీటర్లు దాటకూడదన్నది షరతు. రెండే మునిసిపాలిటీలున్న కాప్రి దీవికి అది సరిపోయింది. ఎల్బా రోడ్లు ఆ హద్దును ఎప్పుడో దాటేశాయి.

కోటాలో ఇంకో లోటుంది. స్థానికుల కార్లను అది లెక్కపెట్టదు. కారు లేకుండా వచ్చినవాడికి ఏ ఏర్పాటూ చేయదు. వద్దనడమే దాని పని.

అసలు కథంతా రేవులోనే ఉంది. ఇటలీ తీరంలోని పియొంబీనోలో ఓడ ఎక్కితే ఓ గంటలో ఎల్బా రేవు పోర్టోఫెర్రాయో. ఓడ పావుగంట ఆలస్యమైందనుకోండి, బస్సు తన టైముకి తాను వెళ్లిపోతుంది. రెండు సూట్‌కేసులు, ఎండలో నిద్రమొహం పెట్టిన పిల్లాడు, తర్వాతి బస్సుకి ఇంకెంతసేపో. ఆ కుటుంబం వచ్చే ఏడు కారులోనే వస్తుంది, టికెట్టు ఎంత చవకైనా సరే. మాల్టాలో 2022 అక్టోబరు నుంచి కార్డున్న స్థానికులకు బస్సు ఉచితం. అయినా బస్సులకంటూ ప్రత్యేక లేన్ లేని చోట ఉచిత బస్సు కూడా కార్ల వెనకే ఆగుతుంది. అందుకే నేనైతే ఉచితం కంటే ఓడ కోసం ఆగే బస్సునే ముందు అడుగుతాను.

బస్సుతో చిక్కు ఖర్చే. ఆగస్టు రద్దీకి సరిపడా బస్సులు కొంటే శీతాకాలమంతా అవి షెడ్డులో ఉంటాయి, రెండు నెలల పనికి డ్రైవర్లూ దొరకరు.

ఎల్బా లాంటి చోట నా ఓటు బస్సుకే, ఖర్చు సుంకం నుంచి. కోటా ఇప్పటికి వద్దు. దీవికి వచ్చేవాళ్ల ఓడ టికెట్టులో తలా ఇంతని దిగుడు రుసుం ఇప్పటికే ఉంది. చట్టం ప్రకారం మామూలుగా 2.50 యూరోల దాకా, కొన్ని కాలాల్లో 5 దాకా. దాన్ని మునిసిపాలిటీలు ఉమ్మడిగానే నడుపుతున్నాయి. మనిషి మీదున్న ఆ భారాన్ని వాహనం మీదికి జరిపితే కొత్త సంస్థ పెట్టక్కర్లేదు, కాకపోతే చట్టం కొంచెం మార్చాలి.

పంపకం దగ్గరే గొడవ మొదలవుతుంది. జనాభాను బట్టి పంచితే పోర్టోఫెర్రాయోకే సింహభాగం. జనం తక్కువై కొండ దారులు ఎక్కువున్న మార్చానా లాంటి ఊరికి ఏమీ మిగలదు. ఏ ఊళ్లో బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో దాన్ని బట్టి పంచాలి. ఒప్పందం బస్సు కాంట్రాక్టు ఉన్నంత కాలమూ ఉండాలి. మధ్యలో ఒక మేయరు తప్పుకుంటే అతని ఊరి మీదుగా వెళ్లే బస్సు ఆగుతుందా, ఆగితే ఖర్చెవరిదన్నది సంతకాలకు ముందే రాసుకోవాలి.