విరిగిన రాతి శిల్పానికి అతుకు: సున్నమా, ఎపాక్సీనా, సిమెంటా?

శామీర్‌పేట, మొయినాబాద్ వైపు తోటలున్నవాళ్లు పదేపదే అడిగేది ఇదే: చెట్టు కింది పాత నాగశిల పగిలింది, దేంతో అతకాలి? శిల్పం వందేళ్లు దాటిందైతే 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. రాష్ట్ర వారసత్వ శాఖను అడగకుండా చెయ్యి వేయకండి. అనుమతి వచ్చాక పనివాడితో మాట్లాడాల్సింది మాత్రం ఇదే.

అసలు సంగతి నీళ్లది. గ్రానైటూ నల్లరాయీ నీళ్లు పెద్దగా తాగవు, చెమ్మ వచ్చేదీ పోయేదీ నెర్రెల దారినే. ఆ దారిని సిమెంటుతో మూసేస్తే నేలలోంచి ఎక్కిన తడి పక్కనున్న బలహీనమైన రాతిలోంచి బయటపడుతుంది. వాన వెలిశాక చూడండి: రాయంతా ఆరినా సిమెంటు అంచు చుట్టూ నల్లటి గీత ఇంకా తడిగానే ఉంటుంది. ఎండాకాలానికి అక్కడే తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆపైన పెచ్చులూడేది సిమెంటు కాదు, శిల్పం. కుతుబ్‌షాహీ సమాధుల్లో పాత మరమ్మతుల సిమెంటును తవ్వితీసి మళ్లీ సున్నం పెట్టింది ఊరికే కాదు.

ఎపాక్సీ అంటే రెండు భాగాలు కలిపి వాడే రసాయన జిగురు. దాని బలం నిజమే. బరువు మోసే అతుక్కి, అంటే విరిగిన చేతికో తలకో, అదే కావాలి. కానీ ఎండ తగిలితే పసుపెక్కుతుంది, మే నెలలో చెయ్యి పెట్టలేనంత కాలే నల్లరాతి మీద మామూలు రకం మెత్తబడుతుంది. అందుకే దాన్ని లోపలే ఉంచాలి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ కడ్డీ తీసుకుని, దానికంటే 2 మిల్లీమీటర్లు పెద్ద రంధ్రం వేసి, దుమ్ము ఊది, అసిటోన్‌తో తుడిచి ఎపాక్సీ పెట్టండి. అంచుకు రెండు సెంటీమీటర్ల లోపలే ఆపేయండి. మామూలు ఇనప కడ్డీ వద్దు, తుప్పు ఉబ్బి రాయినే చీల్చేస్తుంది.

బయటికి కనిపించే నెర్రెకు నా ఓటు సున్నానికే. వెల్లవేసే పొట్లం సున్నం కాదు, విరియబెట్టి నెలైనా నీళ్లకింద ఉంచిన ముద్ద. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు అదే రంగు రాతిపొడి, జల్లించిన ఇసుక కలిపి, అర పాలు ఇటుక పొడి. నెర్రెను బాగా తడిపి, సెంటీమీటరుకు మించని పొరలుగా కూరాలి. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే ఉలితో గీకితే వస్తుంది, రాయికి దెబ్బ తగలదు.

రాతి పలకలు అతికించే మార్బుల్ గమ్ము బయట పనికిరాదు. ఆసిడ్‌తో కడగడం అసలే వద్దు, నీళ్లూ మెత్తటి నైలాన్ బ్రష్షూ చాలు.

సున్నం పని అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. గాలి పీల్చుకుని గట్టిపడటానికి దానికి తడి ఉండాలి. పది రోజులు తడి గోనెసంచి కప్పే ఉంచాలి. ఏప్రిల్ ఎండలో పెడితే గట్టిపడకముందే ఆరిపోయి, వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది.