లేత రంగుల పూలగుత్తి: ఇష్టం తగ్గలేదు, హైడ్రాంజియాతోనే పేచీ

ఎవరికైనా పూలు ఇవ్వాలంటే కొన్నేళ్లుగా నేను లేత రంగులు కలిపిన గుత్తినే ఎంచుకుంటున్నాను. ఎర్ర గులాబీలు చేతిలో పెడితే ఏదో చెప్పినట్టే అవుతుంది. లేత గులాబీ, మీగడ తెలుపు, పలచని ఊదా కలిస్తే ఆ ఇబ్బంది లేదు. పెద్దమ్మకైనా, ఆఫీసులో కొత్తగా పరిచయమైనవారికైనా, జబ్బుపడి కోలుకుంటున్న స్నేహితురాలికైనా నిశ్చింతగా ఇవ్వవచ్చు.

ఇందులో నాకు ప్రాణం హైడ్రాంజియా, చిన్న చిన్న పూలన్నీ కలిసి పెద్ద బంతిలా కనిపించే పువ్వు. నన్ను ఏడిపించిందీ అదే. అక్క పుట్టినరోజుకు తీసుకెళ్లిన గుత్తి నడుమ లేత నీలం హైడ్రాంజియా ఒకటి ఉంది, అరచేతికి మించిన పువ్వు. మధ్యాహ్నం ఇచ్చాను. సాయంత్రానికి చుట్టూ ఉన్న గులాబీలు నిక్షేపంగా ఉన్నాయి, ఇది మాత్రం తల వాల్చేసింది. ముట్టుకుంటే తడిసిన కాగితంలా మెత్తగా తగిలింది. "ఎండ తగిలిందేమోలే చెల్లీ" అని అక్క సర్దిచెప్పింది కానీ నా మనసు చివుక్కుమంది. పారేయడానికి చేతులు రాలేదు. కాడ కొన ఏటవాలుగా కత్తిరించి, పువ్వును తలకిందులుగా చల్లటి నీళ్ల బేసిన్‌లో ముంచి, ముప్పావుగంట తర్వాత తీసి మళ్లీ కూజాలో పెట్టాం. హైడ్రాంజియాలో మనం రేకులనుకునేవి నిజానికి రంగు పట్టిన రక్షక పత్రాలు, అంటే మామూలుగా మొగ్గను కప్పి ఉంచే ఆకుల్లాంటి భాగాలు. అవి నేరుగా నీటిని పీల్చుకుంటాయి. తెల్లవారి చూస్తే పువ్వు మళ్లీ గుండ్రంగా, బిగువుగా నిలబడి ఉంది! అక్క ఫోటో తీసి మరీ పంపింది.

అంతమాత్రాన ఈ గుత్తి ఎవరికైనా సరిపోతుందని ఇప్పుడు అంత ధీమాగా అనను. లేత రంగు దేన్నీ దాచదు. మీగడ రంగు గులాబీని వేలితో కాస్త గట్టిగా నొక్కితే మర్నాటికి అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతుంది. ముదురు ఎరుపులో ఎవరి కంటా పడని దెబ్బ ఇందులో ముందు అదే కనిపిస్తుంది. అందుకే కొనేముందు గులాబీ రేకుల అంచులు, కాడల అడుగుభాగం చూస్తాను. నీళ్లలో మునిగే చోట ఆకులుంటే తీసేయిస్తాను, అవి కుళ్లితే నీళ్లు త్వరగా పాడవుతాయి. లిసియాంథస్ ఉంటే మాత్రం సంతోషం. చూడటానికి గులాబీలా ఉంటుంది, వారం దాటినా నిలుస్తుంది. దాని మొగ్గలు ఇంట్లో తక్కువ వెలుతురులో విచ్చుకుంటే రంగు ఇంకా పలచబడుతుంది. నాకు అదీ నచ్చుతుంది.

నేను కొన్న రోజే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను కాబట్టి హైడ్రాంజియా ఉన్న గుత్తే నాకు ఇష్టం. ఎండలో దూరం పంపాలన్నా, అందుకునేవారికి రోజూ నీళ్లు మార్చే తీరిక లేదన్నా దాని బదులు లిసియాంథస్, కార్నేషన్లు పెట్టమంటాను.