తిరిగిపోయిన టోరిక్ లెన్స్ సరిచేయించాం, డాక్టరమ్మకి ఫుల్ మార్కులు, కౌంటర్‌కి మాత్రం కాదు

మా అమ్మకి కుడి కన్ను శుక్లం ఆపరేషన్ వేరే చోట అయింది, పేరెందుకులెండి. సిలిండర్ పవర్ (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చే చూపు దోషం) కూడా పోతుందని చెప్పి టోరిక్ లెన్స్ వేశారు, మామూలు లెన్స్ కంటే బాగానే గుంజారు. తీరా చూస్తే వెలుగు వచ్చింది గానీ అక్షరాలకి తోకలు, రాత్రి వీధి లైటు గీతలా సాగిపోయి కనిపిస్తోందంది. వెళ్ళి అడిగితే "సర్దుకుంటుందమ్మా, చుక్కలు వేసుకోండి" అని, మళ్ళీ వెళ్తే కళ్ళజోడు రాసిచ్చారు. కళ్ళజోడు వద్దనే కదండీ అంత డబ్బు పోసింది!

అప్పుడు ఈ కంటి ఆస్పత్రికి తీసుకొచ్చాం. ఇక్కడ డాక్టరమ్మ ముందు చుక్కలేసి కంటిపాప పెద్దదయ్యాక మిషన్ దగ్గర కూర్చోబెట్టి చూశారు, టోరిక్ లెన్స్ అంచుల్లో చిన్న గుర్తులుంటాయట, అవి ఉండాల్సిన యాక్సిస్‌లో, అంటే కోణంలో, లేవు, లెన్స్ పక్కకి తిరిగింది. ఒక్కో డిగ్రీ తిరిగితే సుమారు 3.3 శాతం ఎఫెక్ట్ పోతుందట, 30 డిగ్రీలు తిరిగితే ఆ లెన్స్ సిలిండర్‌కి వేసినా వేయనట్టే, అది దాటితే సిలిండర్ ఇంకా పెరుగుతుంది కూడా. ఇదంతా చీటీ వెనకాల బొమ్మ గీసి చెప్పారు.

లేసర్ చేయించొచ్చా అని నేనే అడిగా. లెన్స్ సరిగ్గా కూర్చుని కూడా పవర్ మిగిలితే అప్పుడు లేసిక్ లేదా పీఆర్‌కే (రెండూ కంటి ముందు పొరని లేసర్‌తో సరిచేసేవే), దానికి పవర్ నిలకడగా ఉండాలి కాబట్టి మామూలుగా మూడు నెలలైనా ఆగుతాం, సిలిండర్ కొంచెమే ఉంటే కార్నియా, అంటే ఆ ముందు పొర, అంచున చిన్న గాట్లు పెట్టినా సరిపోతుంది, మీ అమ్మగారికి మాత్రం లెన్స్ తిప్పితే చాలు, అదీ త్వరగా, లేటైతే లెన్స్ చుట్టూ పొర బిగుసుకుపోతుంది అన్నారు. లేసర్ అంటగట్టే ఛాన్స్ ఉండీ వద్దన్నారు చూడండి, నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ ముందు అమ్మని కూర్చోబెట్టే నల్లగుడ్డు అంచున ఇంకుతో గుర్తులు పెట్టారు, పడుకుంటే కన్ను కొద్దిగా తిరుగుతుందట. "కంట్లో కూడా బొట్టు పెట్టారేంట్రా" అని అమ్మ నవ్వు. మత్తు చుక్కలే, ఇంజెక్షన్ లేదు. పాత కోత లోంచే వెళ్ళి, జెల్ వేసి లెన్స్ తిప్పి, ఆ జెల్ కడిగేశారు. కొత్త లెన్స్ వేయలేదు కాబట్టి ఆ ఖర్చు లేదు.

ఇప్పుడు టీవీలో స్క్రోలింగ్ అంతా గట్టిగా చదివి మాకు వినిపిస్తోంది, ఆపమన్నా ఆపట్లేదు. పేపరుకి మాత్రం కళ్ళజోడు కావాల్సిందే, ఇది దగ్గరా దూరమూ రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్ కాదు కదా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే కౌంటర్. చుక్కలేసిన పెద్దావిడని మసక కళ్ళతో కూర్చోబెట్టి ఎవరూ పలకరించరు, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఒకళ్ళు అవుతుందంటే ఇంకొకళ్ళు అవదంటారు. వచ్చేవాళ్ళు మొదటి ఆపరేషన్‌లో ఇచ్చిన లెన్స్ కార్డు, డిశ్చార్జి కాగితాలు తెచ్చుకోండి, అవి లేకపోతే అసలు యాక్సిస్ ఎంతో పాత ఆస్పత్రికి ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.