బ్లాక్‌బియర్డ్ ఊళ్ళు తిరిగొచ్చాం, నిధి పెట్టె తప్ప అన్నీ చూశాం

మావాడికి ఎనిమిదేళ్ళు, ఏడాదిగా పైరేట్ల (సముద్ర దొంగల) పిచ్చి, అందులోనూ మూడొందల ఏళ్ళ కిందటి బ్లాక్‌బియర్డ్ అనే పేరుమోసిన దొంగంటే మరీను. ఉండేది నార్త్ కరోలినాలోని కేరీలోనే కదా, మూడు గంటల డ్రైవే కదా అని లాంగ్ వీకెండ్‌కి అతను తిరిగిన బోఫర్ట్, అక్కణ్ణుంచి ఓక్రకోక్ దీవి పెట్టుకున్నాం. (నార్త్ కరోలినాలో బోఫర్ట్ అనాలి, అదే స్పెల్లింగ్ సౌత్ కరోలినాలో బ్యూఫర్ట్ అట, మనకెందుకులెండి.)

బోఫర్ట్ మారిటైమ్ మ్యూజియం ఎంట్రీ ఫ్రీ, ట్రిప్ మొత్తంలో బెస్ట్ ఇదే. 1718 జూన్‌లో ఈ ఊరి దగ్గరే ఇసుక మేటకి తగులుకుని ఇరుక్కుపోయిన బ్లాక్‌బియర్డ్ ఓడ క్వీన్ ఆన్స్ రివెంజ్ 1996లో దొరికింది, దాని సామాన్లు ఇక్కడున్నాయి. మావాడు నిధి పెట్టె కోసం మూడు రౌండ్లు కొట్టాడు, లేదు. ఫిరంగులు, గుళ్ళు, ఇంకా ఒక సిరంజి. అందులో పాదరసం ఆనవాళ్ళున్నాయట, సిఫిలిస్‌కి అప్పట్లో అదే మందు. అది ఎక్కడ పెట్టేవాళ్ళు నాన్నా అన్నాడు, మా ఆవిడ నా వైపు చూసింది, నేను ఫిరంగి వైపు చూశాను.

అసలు ఈ పైరేట్లకి రోగాల భయమే ఎక్కువ అనిపించింది. 1718 మేలో చార్ల్‌స్టన్ రేవుని దిగ్బంధం చేసి, పట్టుకున్నవాళ్ళని వదలడానికి బ్లాక్‌బియర్డ్ అడిగింది బంగారం కాదు, మందుల పెట్టె! చివరి పోరాటం దాకా అతను ఒక్కర్ని చంపినట్టు కూడా ఆధారం లేదంటారు. పలక మీద నడిపించి సముద్రంలోకి తోసేయడం ఎక్కువగా కథల్లోదే. కెప్టెన్‌ని ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు, నచ్చకపోతే దింపేసేవాళ్ళు, చెయ్యో కాలో పోతే పరిహారం కూడా రాసుకునేవాళ్ళు. అలాగని మంచోళ్ళేం కాదు, ఈ క్వీన్ ఆన్స్ రివెంజే అంతకుముందు లా కాంకార్డ్ అనే ఫ్రెంచి బానిసల ఓడ, పట్టుకున్నప్పుడు అందులో వందలమంది ఆఫ్రికన్లున్నారు. అది తెలిశాక అక్కడ నవ్వుతూ ఫొటో దిగబుద్ధి కాలేదు.

హోటల్ సంగతికొస్తే వాటర్ వ్యూ అని బుక్ చేస్తే పార్కింగ్ వైపు రూమ్ ఇచ్చారు, ఏసీ రాత్రంతా గురక. వెజ్ వాళ్ళు పులిహోర కట్టుకెళ్ళండి, దొరికేది ఫ్రైస్, హష్ పప్పీస్ (మొక్కజొన్న పిండి పునుగులనుకోండి), అవి కూడా చేపలు వేయించిన నూనెలోనేనా అని అడిగి తినండి.

సీడార్ ఐలండ్ నుంచి ఓక్రకోక్‌కి ఫెర్రీ రెండుంపావు గంటలు, ముందే రిజర్వ్ చేసుకోవాలి. పక్కనున్న హాటెరస్ దీవి వైపు నుంచొస్తే కారు ఫెర్రీ ఫ్రీ, కానీ మాకది చుట్టు. ఓక్రకోక్‌లో గోల్ఫ్ కార్ట్ తీసుకుంటే హాయి, ఒక రాత్రి ఉండేట్టయితేనే వెళ్ళండి, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే ఫెర్రీలోనే రోజైపోతుంది. 1718 నవంబర్ 22న బ్లాక్‌బియర్డ్‌ని చంపింది స్ప్రింగర్స్ పాయింట్ ఎదురుగా ఉన్న నీళ్ళలోనే, తల నరికి ఓడ ముందు కొయ్యకి వేలాడదీశారు. ఇప్పుడక్కడ చెట్లు, నీళ్ళు, పిచ్చి దోమలు. స్ప్రే మర్చిపోయాం, పది నిమిషాల్లో పరిగెత్తుకొచ్చేశాం.

ఇంత చూసి కూడా మావాడు షాపులో కంటికి కట్టుకునే నల్లగుడ్డే కావాలన్నాడు. తిరుగు ఫెర్రీలో నిద్రపోయేదాకా విప్పలేదు.