విశాఖ చరిత్రకు ఇల్లెక్కడ? బీచ్ రోడ్డు నుంచి వన్ టౌన్ దాకా

విశాఖ వెళ్లేవాళ్ల లిస్టులో కైలాసగిరి, రుషికొండ, అరకు తప్పకుండా ఉంటాయి. మ్యూజియం అంటే ఎక్కువమందికి సబ్‌మెరైనే గుర్తొస్తుంది. ఈసారి మేం అమ్మని, పిల్లల్ని తీసుకుని ఊరి చరిత్ర చూద్దామనే వెళ్లాం. అందుకే అరకు వదిలేశాం. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున దిగుతాం, కాబట్టి ఆ రోజు వృథా కాదు. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సబ్‌మెరైన్‌కి సెలవు.

ముందు బస సంగతి. ఆర్కే బీచ్ ఎదుట హోటళ్ల రేట్లు శని, ఆదివారాల్లో బాగా పెరుగుతాయి. మేం దిగిన చోట సముద్రం కనిపించే గది అని అదనంగా డబ్బు తీసుకుని, పక్క బిల్డింగ్ గోడ కనిపించే గది ఇచ్చారు. మార్చమని అడిగితే సాయంత్రం దాకా తిప్పారు. మర్నాడే ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు ఒక మామూలు లాడ్జికి మారిపోయాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, కిందనే టిఫిన్ దొరుకుతుంది, ఎటు వెళ్లాలన్నా బస్సు ఉంది. పాత ఊరు చూడాలనుకునేవాళ్లకు బీచ్ కంటే ఇటే నయం.

కురుసుర సబ్‌మెరైన్ గురించి అందరికీ తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఒడ్డున జనం చూడడానికి ఉంది. లోపల తిప్పి చూపించేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు ఉండడం దీని అసలు బలం. ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. పిల్లలకు రెండూ నచ్చాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సబ్‌మెరైన్ లోపలి గుండ్రటి ద్వారాలు దాటడం కష్టం. అమ్మ బయటే కూర్చుంది.

ఈ రెండూ నౌకాదళం కథలు. మరి ఊరి కథ? దానికోసం అదే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. పాత డచ్ బంగళాలో 1991 అక్టోబర్ 8న మొదలైంది, నగరపాలక సంస్థ నడుపుతోంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయని మనలో ఎంతమందికి తెలుసు? అప్పుడు పడిన బాంబు ఒకటి ఇక్కడే ఉంది. మా పెద్దాడు దాని ముందు నుంచి కదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో జర్మనీలో జరిగిందనుకున్న పిల్లాడికి, అది మన రేవు దాకా వచ్చిందని కళ్లెదుట కనిపించింది. జమీందారుల కాలం నాటి ఆయుధాలు, పాత చిత్రాలు, ఓడల నమూనాలు కూడా చూడాల్సినవే.

కానీ ఆ బంగళాలో తిరుగుతున్నంతసేపూ నాకొకటే ఆలోచన. ఇంత పెద్ద ఊరి చరిత్రకు ఈ గదులు సరిపోతాయా? అది మనుషులు కాపురం ఉండడానికి కట్టిన ఇల్లు. పైగా సముద్రం ఎదురుగా ఉంది. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరం మీద ఎలా విరుచుకుపడిందో విశాఖవాళ్లు ఇప్పటికీ చెప్తారు. పాత పటాలు, దస్తావేజులు శాశ్వతంగా పెట్టుకునే చోటు ఇది కాదని నా అభిప్రాయం.

అందుకే పాత ఊరైన వన్ టౌన్ వెళ్లాం. జగదాంబ సెంటర్ దాటి పూర్ణా మార్కెట్ వైపు దిగితే ఊరు మారిపోతుంది. రోడ్లు ఇరుకు, కారు ఆపే చోటు దొరకదు, ఆటో మాట్లాడుకోవడమే మంచిది. ఎక్కేముందే రేటు తేల్చుకోండి. కురుపాం మార్కెట్ కమాను, విక్టోరియా రాణి బొమ్మ, పక్కపక్కనే మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం అమ్మకి యాత్ర మొత్తంలో ఇష్టమైన ఘట్టం. అక్కడి నుంచి దగ్గర్లోనే బొబ్బిలి రాజావారి దానంతో కట్టిన పాత టౌన్ హాల్. రాతి కట్టడం, ఎత్తైన కప్పు, విశాలమైన హాలు. బయట నిలబడి చూస్తుంటే మ్యూజియం ఇక్కడ ఉండాలి కదా అనిపించింది.

ఎందుకంటే కథంతా ఈ చుట్టుపక్కలే జరిగింది. ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో వర్తక స్థావరం పెట్టింది ఇక్కడే. దంతపు పనితో మెరిసే పెట్టెలు, బల్లలు ఇక్కడి కంసాలులే చేశారు. 18వ శతాబ్దపు ఆ పనితనం చూడాలంటే ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్లాలి. సీవీ రామన్ చిన్నప్పుడు చదివిన ఏవీఎన్ కాలేజీ ఈ దారిలోనే ఉంది. జమీందారు గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఇంటి ఆవరణలో నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీ పెట్టిన డాబా గార్డెన్స్ కూడా ఎంతో దూరం కాదు. 1933లో రేవు తెరిచాకే ఊరు ఇప్పటి రూపానికి రావడం మొదలైంది. ఇవన్నీ ఒకే హాల్లో వరసగా చూసి, తలుపు దాటి బయటికి రాగానే ఆ వీధుల్లోనే నడిచే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

బీచ్‌లో ఉంటేనే జనం వస్తారనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. సాయంత్రం బీచ్‌కి వచ్చే కుటుంబాలు పనిగట్టుకుని వన్ టౌన్ వెళ్లవు. విజయవాడ బాపు మ్యూజియం ఇందుకు మంచి జవాబు. 1887లో కట్టిన పాత హాలు, 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన చోటు. ఆ హాలుని అలాగే ఉంచి, వెనక కొత్త భవనం కలిపి, 2020లో మళ్లీ తెరిచారు. రద్దీగా ఉండే బందరు రోడ్డులో ఉండడం దానికి కలిసొచ్చింది, నిజమే. కానీ కిందటేడు మేం వెళ్లినప్పుడు పిల్లల్ని అక్కడ పట్టి ఉంచింది కొత్త భవనంలోని తెరలు కాదు, జెండా పుట్టిన చోట నిలబడ్డామన్న ఊహే.

నన్నడిగితే విశాఖ రెండు ఇళ్లు పెట్టుకోవాలి. రేవు, ఓడలు, 1942 బాంబు, 1971 పాకిస్తాన్ యుద్ధం డచ్ బంగళాలోనే ఉండనివ్వాలి, సబ్‌మెరైన్ చూసినవాళ్లు అటు నుంచి అటే నడిచి వస్తారు. ఊరి పుట్టుక, పేటలు, చేతిపనులు, చదువులు టౌన్ హాల్‌కి రావాలి. ఒకే టికెట్‌తో రెండూ చూసేలా పెట్టి, మధ్య ఒక చిన్న బస్సు తిప్పితే చాలు. లండన్‌లో ఉన్న పెట్టెల్లో ఒకటైనా కొన్నాళ్లు అరువు తెచ్చి మొదటి ప్రదర్శనగా పెడితే, పార్కింగ్ లేకపోయినా జనం వస్తారని నా నమ్మకం.

భీమిలికి ఒక పూట కేటాయించండి. రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది, కుడివైపు సీటు పట్టుకోండి. 17వ శతాబ్దపు డచ్ సమాధులు, గంటస్తంభం, లైట్‌హౌస్ నడిచే దూరంలోనే ఉన్నాయి. మంచినీళ్లు, టోపీ దగ్గరుంచుకోండి, సమాధుల దగ్గర నీడ తక్కువ.