ఇళ్ల తోటల ఫొటోలకు ఆయనను పిలవబోతున్నవారికి హెచ్చరిక

తోటల డిజైన్ పని చేసేవారిలో చాలామంది ఆ ఫొటోగ్రాఫర్ ఎవరో ఇట్టే పోల్చుకుంటారు కనుక, పేరు రాసి ఆయనకు ఉచిత ప్రచారం చేయదలచుకోలేదు. నేను డిజైన్ చేసిన ఒక ఇంటి తోటను సాయంత్రపు వెలుగులో తీస్తామని ఒప్పందం రాసి అడ్వాన్సు పుచ్చుకున్నారు, నేను వేరే సైటులో ఉన్న రోజున మిట్టమధ్యాహ్నం వచ్చి పని ముగించుకుని వెళ్లారు.

నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఆకులు మెరిసి తెల్లబారతాయని, చెట్ల కింద నీడలు నల్లగా పూడుకుపోతాయని, ఆ రెండింటినీ ఒకే ఎక్స్‌పోజర్‌లో పట్టడం కష్టమని ఆయనకు తెలియక కాదు. సూర్యుడు అస్తమించాక, ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండగా, తోట దీపాల కాంతి ఆకాశపు కాంతితో సరితూగే కొద్ది నిమిషాల కోసమే నేను డబ్బు కట్టాను. ట్రైపాడ్ వేసి, ఆకుల కదలిక ఆగేదాకా కాచుకుని తీయవలసిన ఫొటోలు అవి. అతి వెడల్పు లెన్సు వల్ల అంచులలోని పూలకుండీలు సాగిపోయిన సంగతి ఇక్కడ ఎత్తను.

నాకు అందిన ఫొటోలలో సాయంత్రం ఉంది, కాదనను. అయితే అది కంప్యూటర్‌లో అతికించిన సాయంత్రం. పైన ఆకాశమంతా కాషాయ రంగు, కింద కొలను నీటిలో మాత్రం మధ్యాహ్నపు తెల్లమబ్బులు! మొక్కల నీడలు మొదళ్ల దగ్గరే ముడుచుకుని ఉన్నాయి. నేను దీపమే పెట్టని రాతిగోడ మీద పసుపుపచ్చని వెలుగు ఒకటి పరచుకుంది. లేని దీపాన్ని ఉచితంగా బిగించి ఇచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాలి కాబోలు. ఇంటి యజమానురాలు ఆ ఫొటో చూసి, "మా ఇంటికి ఉత్తరాన సూర్యుడు ఎప్పటినుంచి అస్తమిస్తున్నాడండీ?" అని అడిగినప్పుడు, ఆవిడ దృష్టిలో అబద్ధమాడింది ఫొటోగ్రాఫర్ కాదు, నేను.

ఫోన్ చేసి నిలదీస్తే ఆయన తడుముకోకుండా, "మొక్కలే కదా మేడమ్, ఎవరు అంత పట్టి చూస్తారు? మీ తోటలో లేని అందం నేను తెచ్చి పెట్టాను" అన్నారు. మొక్కలే కదా! నాటిన మొక్కలు ఒత్తుగా ఎదిగి తోటకు నిండుదనం వచ్చేదాకా ఎదురుచూసి ఫొటోలు తీయించుకునే మనతో అనదగిన మాటేనా ఇది? మార్పులు చేయని రా ఫైళ్లు ఇవ్వమంటే అవి ఒప్పందంలో లేవన్నారు; అదే ఒప్పందంలో సాయంత్రం అని రాసి ఉన్న సంగతి మాత్రం వారికి గుర్తు రాలేదు. ఆయన పాత ఫొటోలను ఇప్పుడు మళ్లీ తిరగేస్తే, వేరువేరు ఇళ్ల మీద ఒకే మబ్బు తేలుతూ కనిపించింది. మొక్కకు పట్టిన తెగులును ఆకు చూసి చెప్పగల నా కళ్లకు అది ఇన్నాళ్లూ ఆనలేదు మరి.

ఎవరితో తీయించుకున్నా, తీసే వేళతో పాటు ఆకాశం మార్చకూడదన్న షరతు, రా ఫైళ్లు, వాడుక హక్కులు రాతలో పెట్టించుకోండి. డబ్బు చెల్లించినంత మాత్రాన ఫొటోల కాపీరైట్ మనకు రాని దేశాలు చాలా ఉన్నాయి. మిగిలిన సొమ్ము ఇచ్చేముందు ఫైలులో నమోదైన సమయం చూడండి. నాకు పంపిన వాటిలో లాగా అది తుడిచేసి ఉంటే, నీటిలోని ప్రతిబింబాన్నీ నీడలు పడిన దిక్కునూ చూడండి.